పంటి గుంటను నింపే పనితనం: బంగారు రేకు నుంచి రెసిన్ పొరల దాకా

పుచ్చిన పన్నును పీకకుండా నిలబెట్టే పనిలో రెండు భాగాలుంటాయి. చెడిపోయిన భాగాన్ని తొలిచి శుభ్రం చేయడం మొదటిది, అలా ఏర్పడిన గుంటను మరో పదార్థంతో నింపి పంటికి మునుపటి ఆకారం తేవడం రెండోది. తెలుగునాట జనం ‘పన్నుకు సిమెంటు పెట్టించుకోవడం’ అనే ఈ రెండో పని చరిత్రను సాధారణంగా పదార్థాల చరిత్రగానే చెబుతారు. సీసం, తగరం, బంగారం, పాదరస మిశ్రమం, రెసిన్ అంటూ ఒకదాని తరవాత ఒకటి వచ్చినట్టు వరస పేరుస్తారు. ఆ వరస తప్పు కాదు గాని, ఫిల్లింగు ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్నకు అందులో సగం జవాబే దొరుకుతుంది. ఒకే పదార్థం ఒకరి చేతిలో దశాబ్దాలు నిలిచి, మరొకరి చేతిలో కొద్ది కాలానికే ఊడిపోవడానికి కారణం చాలాసార్లు ఆ పదార్థాన్ని గుంటలో పెట్టిన తీరులోనే ఉంటుంది. గత రెండు వందల ఏళ్ల దంతవైద్యాన్ని ఈ కోణం నుంచి చూసినప్పుడు ఒక క్రమం స్పష్టంగా కనిపిస్తుంది: కొత్త పదార్థం వచ్చిన ప్రతిసారీ దానికి తగిన పనితనం రూపొందేలోపు, పాత పనితనంతోనే దాన్ని వాడి రోగులు నష్టపోయిన కాలం ఒకటి గడిచింది.

మంచి ఫిల్లింగు నుంచి దంతవైద్యం కోరేవి మూడు. పంటి గోడకూ ఫిల్లింగుకూ నడుమ సందు ఉండకూడదు. వెంట్రుక కన్నా సన్నని సందులోంచి కూడా లాలాజలం, సూక్ష్మజీవులు లోపలికి చేరి, ఫిల్లింగు కింద మళ్లీ పుచ్చు మొదలవుతుంది. ఫిల్లింగు లోపల గాలి బుడగలు, బోలు చోట్లు మిగలకూడదు. నమిలేటప్పుడు పడే ఒత్తిడికి అది పగిలేది అక్కడే. రెండు పళ్ల నడుమ ఉన్న గుంటను నింపినప్పుడు పక్కపంటిని సహజంగా తాకే తీరు తిరిగి రావాలి. రాకపోతే తిన్నదల్లా ఆ సందులో ఇరుక్కుని చిగురు వాస్తుంది. ఈ మూడింటిలో ఏదీ పదార్థం దానంతట అది ఇచ్చే గుణం కాదు. గుంటను ఎంత పొడిగా ఉంచారు, పదార్థాన్ని ఎంత మోతాదులో, ఏ వైపు నుంచి, ఎంత ఒత్తిడితో పెట్టారు అన్న వాటి మీదే అవి ఆధారపడతాయి.

పంటి గుంటను మూయాలన్న ఆలోచన చాలా పాతది. స్లొవేనియాలోని లోంచె గ్రామం దగ్గర దొరికిన, సుమారు 6,500 ఏళ్ల నాటి దవడ ఎముకలో ఒక కోరపంటి మీద తేనెమైనం పూత ఉన్నట్టు 2012లో పరిశోధకులు ప్రకటించారు. అయితే అది మనిషి బతికి ఉండగా పెట్టినదా, చనిపోయిన తరవాత చేరినదా అన్నది తేలలేదు. ఐరోపాలో దంతవైద్యాన్ని ఒక శాస్త్రంగా కూర్చిన తొలి సమగ్ర గ్రంథాన్ని ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫొషార్ 1728లో వెలువరించాడు. గుంటను నింపడానికి సీసం, తగరం, బంగారం రేకులను ఆయన పేర్కొన్నాడు. ఈ మెత్తని లోహపు రేకులను ముక్కలుగా తీసుకుని, సన్నని పనిముట్లతో గుంటలోకి కూరి, గోడలకు బిగిసేదాకా అదిమేవారు. రేకు ముక్కలు ఒకదానికొకటి అతుక్కునేవి కావు. చుట్టూ ఉన్న పంటి గోడల బిగువే వాటిని నిలబెట్టేది. అందువల్ల నాలుగు వైపులా గోడలున్న గుంటలోనే అలాంటి ఫిల్లింగు నిలిచేది గాని, ఒక పక్క విరిగిపోయిన పంటికి ఆకారం తిరిగి కట్టడం దానివల్ల అయ్యేది కాదు.

ఆ హద్దును దాటించినది బంగారమే గాని, కొత్త రకం బంగారం కాదు. దాన్ని సిద్ధం చేసే పద్ధతి మారింది. అమెరికా దంతవైద్యుడు రాబర్ట్ ఆర్థర్ 1855లో, రేకును వాడేముందు మంట మీద వేడిచేస్తే దాని ముక్కలు నోటిలోనే, చల్లగా ఉండగానే, ఒత్తిడికి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయని వివరించాడు. రేకు ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండే వాయువులు వేడికి తొలగిపోయినప్పుడు లోహం లోహాన్ని నేరుగా తాకి ఏకమవుతుంది. దీన్నే శీతల సంధానం అంటారు. అప్పటినుంచి ఫిల్లింగును గోడల మధ్య ఇరికించడం గాక, చిన్న ఉండలతో ఒక్కొక్కటిగా కట్టుకుంటూ రావడం సాధ్యమైంది. వేడి తక్కువైతే ఉండ అతుక్కోదు, ఎక్కువైతే బంగారం గిడసబారి పనికి లొంగదు. కాబట్టి దీపం మంట మీద రేకును ఎంతసేపు ఉంచాలో తెలియడం కూడా పనితనంలో భాగమైంది.

ఈ పని జరిగే తీరును దగ్గరగా గమనిస్తే, పెట్టే పద్ధతికి నాణ్యతకు ఉన్న సంబంధం తేటపడుతుంది. వైద్యుడు గుంట అడుగు మూలలో మొదటి ఉండను నిలిపి, సన్నని గాట్లు చెక్కిన కొన గల ప్లగ్గర్ అనే పనిముట్టును దాని మీద ఆనించేవాడు. ఆ పనిముట్టు పిడి మీద సహాయకుడు చిన్న సుత్తితో కొట్టేవాడు. దెబ్బ పడ్డ ప్రతిసారీ కొన కొద్దిగా జరిగి, వెనకటి దెబ్బ ముద్రను సగం కప్పేటట్టు పడాలి. వరస తప్పి ఎక్కడైనా ఖాళీ వదిలితే, దాని మీద తరవాతి ఉండ వంతెనలా పరుచుకుని కింద బోలు మిగిలిపోతుంది, ఆ బోలు బయటి నుంచి ఎంతమాత్రం కనిపించదు. గట్టి బంగారం ఘనసెంటీమీటరుకు 19.3 గ్రాములు తూగుతుండగా, నోట్లో దట్టించిన రేకు ఫిల్లింగు సాంద్రత సాధారణంగా అంతకన్నా చాలా తక్కువగా ఉండడానికి ఈ కనిపించని ఖాళీలే కారణం. కొన వ్యాసం సగానికి తగ్గితే, అదే బలానికి దాని కింద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే పెద్ద కొనతో గట్టిగా కొట్టడం కన్నా చిన్న కొనతో వరస తప్పకుండా కొట్టడం మేలని వైద్యులు గ్రహించారు. ఫిలడెల్ఫియాకు చెందిన విలియం బాన్విల్, టెలిగ్రాఫ్ పరికరం టకటక కొట్టుకునే తీరు చూసి, 1870ల్లో విద్యుదయస్కాంతంతో నడిచే సుత్తిని రూపొందించాడు; దెబ్బల బలం, వేగం సమంగా ఉండేటట్టు చేయడమే దాని ఉద్దేశం.

అయితే ఇంత శ్రమనూ ఒక్క చుక్క ఉమ్మి వ్యర్థం చేయగలదు. తడి తగిలిన బంగారం ఉండ కింది పొరకు అతుక్కోదు. గంటల తరబడి సాగే పనిలో గుంటను గుడ్డ ముక్కలతో పొడిగా ఉంచడం, ముఖ్యంగా కింది దవడ పళ్లలో, దాదాపు అసాధ్యంగా ఉండేది. 1864లో న్యూయార్కు రాష్ట్రానికి చెందిన శాన్‌ఫర్డ్ బార్నమ్, పల్చని రబ్బరు పలకకు రంధ్రం చేసి దాన్ని పంటి మెడ దాకా తొడిగాడు. పన్ను మాత్రం పైకి నిలిచి, నాలుక, చెంప, లాలాజలం అన్నీ రబ్బరు కిందే ఆగిపోయాయి. ఆ ఆవిష్కరణ మీద పేటెంటు తీసుకోకుండా బార్నమ్ దాన్ని తన వృత్తివారందరికీ ఉచితంగా వదిలిపెట్టాడు. రబ్బరు డ్యామ్ అనే ఆ పలక నేటికీ దాదాపు అదే రూపంలో వాడుకలో ఉంది, బంగారు రేకు కనుమరుగైన తరవాత కూడా దాని అవసరం తగ్గలేదు.

బంగారం ధనికులకే అందేది, పైగా దాన్ని దట్టించడానికి పట్టే సమయం, రోగి పడే బాధ తక్కువవి కావు. ఆ లోటు తీర్చడానికి వచ్చినది పాదరస మిశ్రమం. పాదరసంలో వెండి పొడి కలిపితే కాసేపు మెత్తని ముద్దగా ఉండి, తరవాత రాయిలా గట్టిపడుతుంది. ఈ మిశ్రమాన్నే అమాల్గం అంటారు. పారిస్‌లో ఒగ్యుస్త్ తావో 1826 ప్రాంతంలో వెండి నాణేల రజనుతో దీన్ని తయారుచేశాడు. 1833లో క్రాకూర్ సోదరులు దాన్ని గొప్ప పేరుతో న్యూయార్కుకు తెచ్చి, పుచ్చిన భాగాన్ని సరిగా తొలగించకుండానే గుంటల్లోకి నొక్కి పంపేవారు. అలా పెట్టిన ఫిల్లింగుల కింద పుచ్చు అలాగే పెరిగింది, పళ్లు పగిలాయి, రంగు మారాయి. పాదరసం విషమన్న భయమూ దీనికి తోడైంది. 1840లో ఏర్పడిన అమెరికన్ సొసైటీ ఆఫ్ డెంటల్ సర్జన్స్ ఈ పదార్థాన్నే దోషిగా నిలబెట్టి, దాన్ని వాడబోమని సభ్యుల చేత 1845లో ప్రతిజ్ఞాపత్రం మీద సంతకాలు చేయించింది. ఆ వివాదంలోనే చీలిపోయి 1856లో అంతరించింది. పదార్థం గురించి వేసుకున్న ప్రశ్నలు ఆ కాలంలో అనేకం ఉన్నా, దాన్ని పెట్టిన తీరు గురించి గట్టిగా ప్రశ్నించినవారు తక్కువ. చరిత్రలో ఈ ఘట్టానికి ఉన్న ప్రాముఖ్యం అదే: చెడు పనితనానికి పదార్థం మీద నింద పడింది.

ఆ ప్రశ్నను కొలతల్లోకి తెచ్చిన ఘనత గ్రీన్ వార్డిమన్ బ్లాక్‌ది. 1836లో ఇలినాయి రాష్ట్రంలో పుట్టి, దంతవైద్య కళాశాల చదువు లేకుండానే వృత్తిలోకి వచ్చిన బ్లాక్, తరవాతి కాలంలో షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ దంతవైద్య కళాశాలకు అధిపతి అయ్యాడు. అమాల్గం గట్టిపడేటప్పుడు ఎంత ఉబ్బుతుందో, ఎంత కుంచించుకుపోతుందో సూక్ష్మమాపకాలతో కొలిచి, 1895 నుంచి ‘డెంటల్ కాస్మాస్’ పత్రికలో ప్రకటించాడు. వెండి, తగరం పాళ్లు మారినా, పొడిని నిలవ ఉంచిన కాలం మారినా, దట్టించే ఒత్తిడి మారినా ఫలితం మారుతుందని ఆ ప్రయోగాలు చూపించాయి. నములుతున్న మనిషి దవడ ఎంత బలం చూపుతుందో కొలిచే పరికరాన్ని కూడా ఆయన తయారుచేశాడు. 1908లో రెండు సంపుటాలుగా వచ్చిన ఆయన గ్రంథం గుంటలను అవి ఉన్న చోటును బట్టి వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి తొలిచే ఆకారాన్నీ, నింపే క్రమాన్నీ నిర్దేశించింది. అమాల్గం పంటికి అతుక్కోదు గనుక, అడుగు వెడల్పుగా, నోరు కాస్త ఇరుకుగా ఉండేటట్టు గుంటను తొలిచి, ఆ ఆకారంతోనే ఫిల్లింగును పట్టి ఉంచాలన్నది అందులోని ముఖ్య సూత్రాల్లో ఒకటి.

ఆ తరవాతి అర్ధశతాబ్దంలో అమాల్గం పెట్టే పద్ధతి క్రమంగా స్థిరపడింది. మట్టిగోడ పెట్టేవారు ఒక వరస వేసి తొక్కి, దాని మీద మరో వరస వేసినట్టే, ముద్దను కొద్దికొద్దిగా గుంటలో వేసి, మొదట చిన్న కొనతో మూలల్లోకి, తరవాత పెద్ద కొనతో పైభాగంలో గట్టిగా దట్టిస్తారు. దట్టింపు వల్ల ఖాళీలు మూసుకుపోవడంతో పాటు, అదనంగా ఉన్న పాదరసం పైకి ఉబికి వస్తుంది. గుంటను అంచుకన్నా కాస్త ఎక్కువగా నింపి, పాదరసం చేరిన ఆ పై పొరను చెక్కేయడం అందుకే. కలిపిన ముద్దను కొద్ది నిమిషాలకు మించి నిలవ ఉంచి వాడకూడదు. అప్పటికే ఏర్పడుతున్న స్ఫటికాలు దట్టింపుకు విరిగి, బలం తగ్గుతుంది. ముద్దను అరచేతిలో వేసి నలిపే అలవాటు ఎంతటి చేటో కూడా కాలక్రమంలో బయటపడింది. చెమట తడి తగిలితే, మిశ్రమంలోని జింకు దానితో చర్య జరిపి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. ఆ వాయువు కొన్ని రోజుల తరవాత ఫిల్లింగును ఉబ్బించి, పంటికి నొప్పి తెచ్చిపెడుతుంది. 1959లో విల్మర్ ఈమ్స్, పాదరసాన్ని మొదటే ఎక్కువగా కలిపి తరవాత పిండే పద్ధతికి బదులు, పొడికి సమాన బరువులో మాత్రమే కలిపి ముద్ద చేయవచ్చని చూపించాడు. 1960ల్లో గుండ్రని రేణువులున్న పొడి వచ్చినప్పుడు చేతి అలవాటు మరోసారి మారాల్సి వచ్చింది: పాత చిన్న కొన ఆ మెత్తని ముద్దలోకి దిగబడిపోయేది తప్ప దాన్ని దట్టించేది కాదు, కనుక పెద్ద కొన, తక్కువ బలం అవసరమయ్యాయి.

ఈలోగా పంటి రంగులో ఉండే పదార్థం కోసం వెతుకులాట మరో దారిలో సాగింది. 1940ల్లో వచ్చిన ఆక్రిలిక్ రెసిన్ గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుపోయి, గోడల నుంచి విడిపోయేది. దాన్ని ముద్దగా కలిపి నొక్కడానికి బదులు, చిన్న కుంచె కొనతో చుక్కచుక్కగా చేర్చుకుంటూ రావాలని, అప్పుడు ఒక్కో చుక్క కుంచించుకున్న లోటును తరవాతి చుక్క పూరిస్తుందని 1952లో నీలన్ సూచించాడు. పదార్థం అంతగా నిలవకపోయినా, ఆ ఆలోచన నిలిచింది. 1955లో రాచెస్టర్‌లో మైకేల్ బ్యునకోర్, పంటి పై పొర అయిన ఎనామెల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో కాసేపు తాకించి కడిగితే, దాని మీద ఏర్పడే సూక్ష్మ రంధ్రాల్లోకి రెసిన్ చొరబడి గట్టిగా పట్టుకుంటుందని నిరూపించాడు. 1962లో రఫేల్ బోవెన్ పేటెంటు పొందిన కొత్త రెసిన్‌లో ఖనిజ రేణువులు కలిపి చేసిన పదార్థమే కాంపొజిట్. దట్టించిన బిగువు మీద, తొలిచిన ఆకారం మీద ఆధారపడ్డ ఫిల్లింగుల యుగం తరవాత, పంటికి అతుక్కునే ఫిల్లింగుల యుగం ఈ రెండు పరిశోధనలతో మొదలైంది.

కాని చేతులు వెంటనే మారలేదు. అమాల్గం కోసం నేర్చిన ఆకారంలోనే గుంటను తొలిచి, కాంపొజిట్‌ను ఒక్కసారిగా నింపడం చాలాకాలం సాగింది. తొలినాటి కాంపొజిట్‌లు రెండు ముద్దలను కలిపితే గట్టిపడేవి. కలపడంలోనే గాలి బుడగలు చేరేవి. 1970ల చివర్లో నీలి కాంతి పడితేనే గట్టిపడే రకాలు రావడంతో, వైద్యుడు ఆకారం దిద్దుకోవడానికి కావలసినంత సమయం దొరికింది. దాంతో పాటు కొత్త హద్దు కూడా వచ్చింది: పదార్థంలోకి దిగేకొద్దీ కాంతి తగ్గిపోతుంది కనుక, సుమారు 2 మిల్లీమీటర్ల మందం దాటితే పైభాగం గట్టిగా కనిపించినా అడుగు భాగం పచ్చిగా మిగులుతుంది. అంతకన్నా చిక్కైనది సంకోచం. కాంపొజిట్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో దాదాపు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. గోడలకు అతుక్కుని ఉన్న పదార్థం కుంచించుకోబోతే, అది గోడను వదిలి సందు చేయాలి, లేదా గోడను లోపలికి లాగాలి. ఫిల్లింగు పెట్టించుకున్నాక నమిలినప్పుడు కలిగే జివ్వుమనే నొప్పికీ, ఎనామెల్‌లో పడే సన్నని పగుళ్లకూ ఇది ఒక కారణం.

1987లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫైల్జర్, డి ఖీ, డేవిడ్‌సన్ ఈ ఒత్తిడికి ఒక కొలమానం ఇచ్చారు. పంటికి అతుక్కున్న తలాల విస్తీర్ణాన్ని, స్వేచ్ఛగా ఉన్న తలాల విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే అంకెను సీ-ఫ్యాక్టర్ అంటారు. నమిలే తలం మీద పెట్టె ఆకారంలో తొలిచిన గుంటలో అయిదు తలాలు అతుక్కుని, ఒక్కటే స్వేచ్ఛగా ఉంటుంది. ఒకేసారి నింపితే ఆ ఒక్క తలం నుంచే పదార్థం కుంచించుకోగలదు. అదే గుంటలో చిన్న పొరను ఏటవాలుగా ఒక గోడకూ, అడుగుకూ మాత్రమే ఆనించి గట్టిపరచి, తరవాతి పొరను ఎదురు గోడ వైపు నుంచి పెడితే, ప్రతి పొరకూ స్వేచ్ఛా తలం ఎక్కువగా దొరుకుతుంది. పొరల పద్ధతి దంతవైద్య విద్యలో స్థిరపడడానికి ఈ తర్కం ముఖ్య ఆధారం. 1996లో వెర్స్‌లూయిస్, ఆయన సహచరులు కంప్యూటర్ లెక్కలతో దీన్ని సవాలు చేశారు. ఒక్కో పొర కొద్దికొద్దిగా గోడలను లోపలికి లాగడం వల్ల, మొత్తం మీద పంటి వంపు తగ్గకపోగా పెరగవచ్చని వాదించారు. ఆ చర్చ ఎలా ఉన్నా, కాంతి అడుగుదాకా చేరడం, పదార్థం మూలల్లోకి ఖాళీ లేకుండా చేరడం అనే రెండు ప్రయోజనాల వల్ల పొరలు వాడుకలో నిలిచాయి.

పాత చేతి అలవాటు కొత్త పదార్థాన్ని దెబ్బతీసిన మరో చోటు పళ్ల నడుమ తాకిడి. పక్కగోడ లేని గుంటను నింపేటప్పుడు, పన్ను చుట్టూ పల్చని లోహపు పట్టీని బిగించి తాత్కాలిక గోడ కడతారు. దీన్ని మ్యాట్రిక్స్ అంటారు. అమాల్గంను దట్టించే బలం ఆ పట్టీని పక్కపంటికి ఆనించేది, తాకిడి దానంతట అదే ఏర్పడేది. కాంపొజిట్‌కు ఆ బలం లేదు; ఎంత నొక్కినా అది పనిముట్టును చుట్టుకుంటుందే గాని పట్టీని నెట్టదు. అదే పట్టీ, అదే బిగింపుతో కాంపొజిట్ పెట్టినప్పుడు పళ్ల మధ్య సందు మిగిలేది. ముందే వంపు తిరిగిన చిన్న పట్టీ ముక్క, పళ్లను కొద్దిగా ఎడం చేసే ఉక్కు వలయం, చిగురు దగ్గర అంచును మూసే సన్నని సీల అనే మూడు కలిసిన పరికరం ఈ లోటును చాలావరకు తీర్చింది.

పనితనం అంటే ఖరీదైన పరికరాలేనన్న అభిప్రాయాన్ని 1980ల్లో టాంజానియాలో మొదలైన ఒక ప్రయత్నం సరిచేసింది. కరెంటు, డ్రిల్లు లేని ఊళ్లలో పళ్లు పీకడం తప్ప మరో చికిత్స లేని స్థితిలో, యో ఫ్రెంకెన్, ఆయన సహచరులు చేతి పనిముట్లతోనే మెత్తబడ్డ పుచ్చును తీసి, గ్లాస్ అయనోమర్ సిమెంటుతో గుంటను మూసే పద్ధతిని రూపొందించారు. 1970ల ఆరంభంలో లండన్‌లో విల్సన్, కెంట్ తయారుచేసిన ఆ సిమెంటు పంటికి రసాయనికంగా అతుక్కుంటుంది. దాన్ని గుంటలో వేసిన తరవాత, చేతి తొడుగు మీద కాస్త వాజలిన్ రాసిన వేలితో కొన్ని క్షణాలు గట్టిగా అదమడమే ఈ పద్ధతిలో కీలకమైన మెట్టు. ఆ ఒత్తిడికి సిమెంటు గుంటలోని మూలలకూ, చుట్టుపక్కల పంటి మడతలకూ చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో దీన్ని ప్రోత్సహించింది. ఏ పదార్థానికి ఏ స్పర్శ కావాలో తెలిస్తే, వేలికొన కూడా సరైన పనిముట్టే అవుతుందని ఇది చాటింది.

2010 ప్రాంతం నుంచి, 4 మిల్లీమీటర్ల దాకా ఒకే పొరగా పెట్టగలిగే బల్క్‌ఫిల్ రకాలు మార్కెట్లోకి వచ్చాయి. కాంతి లోతుగా చేరేలా, సంకోచ ఒత్తిడి తగ్గేలా వీటిని తయారుచేశారు. ఇప్పటివరకు జరిగిన వైద్య పరిశీలనల సమీక్షల్లో వీటికీ, పొరల పద్ధతికీ నిలకడలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అయితే కాంతిని ఎంత దగ్గరగా, ఎంతసేపు పట్టారన్నదీ, గుంట పొడిగా ఉందా అన్నదీ రెండింటికీ సమానంగా వర్తిస్తాయి. మరోపక్క, దవడ పళ్లలో కాంపొజిట్ ఫిల్లింగులు అమాల్గం కన్నా దాదాపు రెట్టింపుగా విఫలమయ్యే అవకాశం ఉందని కాక్రేన్ సంస్థ 2021లో ప్రకటించిన సమీక్ష తెలిపింది. ఆ తేడాకు పదార్థ గుణం కొంత కారణం కాగా, అమాల్గం క్షమించే తడినీ తొందరనూ కాంపొజిట్ క్షమించకపోవడం మరో ముఖ్య కారణం.

ఈ చరిత్ర నేడు ఆచరణలో చెప్పే మాట సూటిగా ఉంది. పాదరస కాలుష్యాన్ని అరికట్టడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం ప్రకారం అమాల్గం వాడకాన్ని ప్రపంచ దేశాలు తగ్గిస్తూ వస్తున్నాయి. భారతదేశం 2018లో దాన్ని ఆమోదించింది, ఐరోపా సమాఖ్య 2025 జనవరి నుంచి పంటి చికిత్సలో అమాల్గంను దాదాపుగా నిషేధించింది. పర్యావరణం కోసం ఇది జరగవలసిన మార్పే. కాని వెండి రంగు ముద్దను తీసేసి తెల్ల ముద్దను చేతికిస్తే సరిపోతుందనుకుంటే, 1833 నాటి పొరపాటే మరో రూపంలో తిరిగి వస్తుంది. రోజుకు పదుల మంది రోగులు వచ్చే ప్రభుత్వ ఆసుపత్రిలో, రబ్బరు డ్యామ్ తొడగడానికి, పొరలు కట్టడానికి, కాంతి పట్టడానికి పట్టే అదనపు నిమిషాలను లెక్కలో చేర్చకుండా పదార్థం మాత్రమే మారిస్తే, ఆ భారం తిరిగి పుచ్చిన పళ్ల రూపంలో పేద రోగుల మీదే పడుతుంది. పదార్థం కొనడానికి పెట్టే ఖర్చుతో సమానంగా దాన్ని పెట్టే చేతికి శిక్షణనూ సమయాన్నీ ఇవ్వడమే, రెండు శతాబ్దాలుగా ఈ వృత్తి ఎదుర్కొన్న వైఫల్యాల నుంచి నేర్చుకోవలసిన పాఠం.